సైన్యం గద్దెనెక్కడానికి ఏ కారణం చెప్పాలి? పాకిస్తాన్‌పై ఐదు వివరణల పోలిక

1958 అక్టోబరు 7 రాత్రి పాకిస్తాన్ అధ్యక్షుడు ఇస్కందర్ మీర్జా, అమల్లోకి వచ్చి మూడేళ్లయినా నిండని రాజ్యాంగాన్ని రద్దు చేసి, దేశమంతటా మార్షల్ లా విధించి, దాన్ని నడిపే బాధ్యతను సర్వ సైన్యాధ్యక్షుడు జనరల్ అయూబ్ ఖాన్‌కు అప్పగించారు. మూడు వారాలు తిరక్కముందే, అదే నెల 27న, అయూబ్ ఆ మీర్జానే దించి లండన్ పంపించారు. కంచే చేను మేయడమంటే ఏమిటో చూపడానికి ఆధునిక చరిత్రలో ఇంతకంటే సూటి ఉదాహరణ దొరకడం కష్టం. ఆ తర్వాత పాకిస్తాన్‌లో 1969లో (యాహ్యా ఖాన్), 1977లో (జియా ఉల్ హక్), 1999లో (పర్వేజ్ ముషారఫ్) అధికారం మళ్లీ నేరుగా జనరళ్ల చేతిలోకి వెళ్లింది. ఇన్నేళ్లలో ఒక్క ప్రధాని కూడా తన అయిదేళ్ల పదవీకాలాన్ని పూర్తి చేయలేదు.

వలస పాలన ముగిసిన దేశాల్లో సైన్యం రాజకీయాలపై పెత్తనం ఎలా సంపాదిస్తుందన్న ప్రశ్న రాజనీతి శాస్త్రం చదివే విద్యార్థికీ, సివిల్స్ లేదా గ్రూప్-1 అభ్యర్థికీ, తరగతిలో పాఠం చెప్పే అధ్యాపకుడికీ, ఇరుగుపొరుగు దేశాల వార్తలను శ్రద్ధగా చదివే పాఠకుడికీ ఎదురయ్యేదే. సమాధానాల కొరత ఏమీ లేదు. పుస్తకం తెరిస్తే వలస వారసత్వం అని ఒకరూ, పార్టీల బలహీనత అని మరొకరూ, భారత్ అంటే భయమని ఇంకొకరూ, అమెరికా డాలర్లని వేరొకరూ, సైన్యం సొంత వ్యాపారాలని మరికొందరూ చెబుతారు. చాలా జవాబు పత్రాల్లో ఈ అయిదింటినీ వరుసగా పేర్చి, ‘వీటన్నిటి ఫలితంగా’ అని ముగించడం అలవాటైపోయింది. అలా పేర్చితే మార్కులు పూర్తిగా పోవు కానీ, ఏ కారణం ఎంత బరువు మోస్తుందో రాసినవారికీ తెలియదు, చదివినవారికీ తెలియదు. అందుకే ఈ వివరణలను ఒకే కొలబద్దలతో కొలిచి, ఎవరికి ఏది ఎక్కువ పనికొస్తుందో ఇక్కడ చూద్దాం.

ముందు కొలబద్దలు

మొదటిది కాలం. సైన్యం 1947లోనే ఎందుకు గద్దెనెక్కలేదు, 1958లోనే ఎందుకెక్కింది? ఈ పదకొండేళ్ల గడువును వివరించలేని కారణం సగం కారణమే.

రెండోది పొరుగు. భారత సైన్యం, పాకిస్తాన్ సైన్యం 1947 దాకా ఒకే సైన్యం. నియమావళి, రెజిమెంట్లు, మెస్సు మర్యాదలు, శిక్షణ కళాశాలలు అన్నీ ఒకటే. మనం చెప్పే కారణం రెండు దేశాల్లోనూ ఉంటే, ఫలితం ఒక్క దేశంలోనే ఎందుకు వచ్చిందో చెప్పాల్సిన బాధ్యత మనదే.

మూడోది, నా దృష్టిలో అన్నిటికంటే ముఖ్యమైనది: ఆ కారణం సైన్యం రావడాన్ని వివరిస్తోందా, వచ్చాక ఉండిపోవడాన్ని వివరిస్తోందా? ఈ రెండు ప్రశ్నలకూ ఒకే జవాబు ఉండనవసరం లేదు. వివరణల మధ్య జరిగే వాదనల్లో సగం, ఒకరు మొదటి ప్రశ్నకూ మరొకరు రెండో ప్రశ్నకూ జవాబు చెబుతుండటం వల్ల పుట్టినవే.

నాలుగోది బయటి దేశాలు. బర్మాకూ, ఘనాకూ, టోగోకూ తీసుకెళ్తే ఆ వివరణ నిలబడుతుందా?

మతాన్ని ఈ పోటీలో చేర్చలేదు. ముస్లింలు అధికంగా ఉన్న మలేసియాలోనూ సెనెగల్‌లోనూ సైనిక తిరుగుబాటు ఒక్కటీ గెలవలేదు. బౌద్ధులు అధికంగా ఉన్న బర్మాలో సైన్యం దశాబ్దాల తరబడి పాతుకుపోయింది. ఆ వాదనపై ఇంతకంటే సమయం వెచ్చించనవసరం లేదు.

వివరణ 1: వలస వారసత్వం

1857 తిరుగుబాటు తర్వాత బ్రిటిష్ వారు సైనిక భర్తీని వాయవ్యానికి మళ్లించారు. కొన్ని కులాలనూ తెగలనూ ‘యుద్ధ జాతులు’గా ముద్రవేసి, మిగిలినవారిని పోరాటానికి పనికిరానివారిగా తీసిపారేశారు. కంపెనీ కాలంలో మద్రాసు సైన్యంలో గణనీయంగా ఉన్న తెలుగువారి భర్తీని కూడా ఈ సిద్ధాంతం పేరుతోనే కుదించుకుంటూ వచ్చారు. మొదటి ప్రపంచ యుద్ధం తర్వాతి కాలానికి భారత సైన్యంలో సగానికి పైగా పంజాబ్ నుంచే వచ్చేవారు, అందులోనూ రావల్పిండి, జీలం, అటక్ వంటి కొద్ది జిల్లాల వాటా మరీ ఎక్కువ.

ఈ వివరణకు అసలు బలం భర్తీ లెక్కల్లో కంటే భూమిలో కనిపిస్తుంది. పశ్చిమ పంజాబ్‌లో కొత్తగా తవ్విన కాలువల కింద సాగులోకి వచ్చిన భూములను ప్రభుత్వం మాజీ సైనికులకు పంచింది. షాపూర్ జిల్లాలోని కాలువ కాలనీలో, సైన్యానికి పనికొచ్చే గుర్రాల కోసం ఆడగుర్రాన్ని పోషించాలన్న షరతు మీద రైతులకు భూమి ఇచ్చారు. జిల్లా అధికారి, భూస్వామి, రెజిమెంటు ఒకే తాడుకు పేనిన మూడు పోగుల్లా ఉన్న ఆ సీమలో, రాజకీయ పార్టీకి చోటు తక్కువ. పాకిస్తాన్ ఏర్పడ్డాక ఆ సీమే దేశానికి గుండెకాయ అయింది.

ఇంత బలమైన వివరణ కూడా పొరుగు పరీక్షలో తడబడుతుంది, ఎందుకంటే పంజాబీల ఆధిక్యం భారత సైన్యంలోనూ కొనసాగింది. తేడా ఎక్కడంటే, విశాలమైన భారతదేశంలో తూర్పు పంజాబ్ ఒక మూల. పాకిస్తాన్‌లో సైన్యానికి సిపాయిలనిచ్చే ప్రాంతమూ, అధికారులనిచ్చే ప్రాంతమూ, పెత్తనం చేసే ప్రాంతమూ ఒక్కటే. జనాభాలో సగానికి పైగా ఉన్న తూర్పు బెంగాల్ (నేటి బంగ్లాదేశ్) నుంచి మాత్రం సైన్యంలో ఉన్నవారు బహు స్వల్పం. ఎన్నికలు జరిగితే అధికారం బెంగాలీలకు పోతుంది, జరగకపోతే పంజాబ్‌లో ఉంటుంది. వలస వారసత్వాన్ని మీ ప్రధాన కారణంగా ఎంచుకుంటే ఈ ఒక్క వాక్యాన్ని మరవకండి. ఇది లేకపోతే ఆ వివరణ భారత్ ముందు నిలవదు.

కాలం విషయంలో ఇది దాదాపు మౌనం వహిస్తుంది. వారసత్వం 1947లో ఎంత ఉందో 1958లోనూ అంతే ఉంది.

వివరణ 2: పార్టీ బలహీనత, రాజ్యాంగ జాప్యం

నేను మొదటి స్థానం ఇచ్చేది దీనికే కనుక కొంచెం నిదానంగా చూడాలి.

ముస్లిం లీగ్ తన బలమంతా ఏ రాష్ట్రాల్లో కూడగట్టుకుందో అందులో చాలా భాగం భారత్‌లోనే ఉండిపోయింది. పంజాబ్‌లో 1937 ఎన్నికల్లో లీగ్‌కు దక్కింది రెండు సీట్లే. భూస్వాముల యూనియనిస్ట్ పార్టీదే అక్కడ రాజ్యం. 1946లో గాలి మారి లీగ్ గెలిచింది గానీ, తొమ్మిదేళ్లలో గాలి మీద గెలిచిన పార్టీకి ఊరూరా శాఖలూ, చందా కట్టే సభ్యులూ, లోపల ఓటు వేసి నాయకుణ్ణి ఎన్నుకునే అలవాటూ ఎక్కడి నుంచి వస్తాయి? మొదటి ప్రధాని లియాఖత్ అలీ ఖాన్‌కు కొత్త దేశంలో తనదంటూ చెప్పుకోదగ్గ నియోజకవర్గమే లేదు. 1948 సెప్టెంబరు 11న జిన్నా కన్నుమూశారు, 1951 అక్టోబరు 16న లియాఖత్‌ను రావల్పిండి బహిరంగ సభలో కాల్చి చంపారు. ఆ తర్వాత మిగిలింది అధికారులు, భూస్వాములు, సైన్యం.

రాజ్యాంగం రాయడానికి తొమ్మిదేళ్లు పట్టింది. ఆలోగా లెక్కల శాఖ అధికారిగా జీవితం మొదలుపెట్టిన గవర్నర్ జనరల్ గులాం మహమ్మద్ 1953 ఏప్రిల్‌లో సభలో మెజారిటీ ఉన్న ప్రధాని ఖ్వాజా నజీముద్దీన్‌ను తొలగించారు. 1954 అక్టోబరు 24న రాజ్యాంగ సభనే రద్దు చేశారు. ఆ సభాధ్యక్షుడు తమీజుద్దీన్ ఖాన్ కోర్టుకెక్కితే, ప్రధాన న్యాయమూర్తి మహమ్మద్ మునీర్ నేతృత్వంలోని ఫెడరల్ కోర్టు 1955లో గవర్నర్ జనరల్ పక్షాన నిలిచి, ఆ వెంటనే ‘అవసర సిద్ధాంతం’ (రాజ్యాన్ని కాపాడటానికి అవసరమైతే చట్టవిరుద్ధమైన చర్య కూడా చెల్లుతుందన్న వాదన) అనే ద్వారం తెరిచింది. తర్వాతి జనరళ్లలో కొందరు ఆ ద్వారం గుండానే నడిచారు. గమనించండి: పౌర వ్యవస్థను మొదట విరగ్గొట్టింది పౌరులే. 1954లో కొత్త మంత్రివర్గంలో అయూబ్ ఖాన్ యూనిఫాం విప్పకుండానే రక్షణ మంత్రిగా కూర్చున్నారు. ఆ కుర్చీ ఆయన లాక్కున్నది కాదు, పిలిచి వేసింది.

తూర్పు బెంగాల్‌లో 1954 మార్చిలో జరిగిన ఎన్నికల్లో ప్రతిపక్షాల కూటమి ‘ఐక్య సంఘటన’ ఊడ్చేస్తే ముస్లిం లీగ్‌కు రెండంకెల సీట్లు రావడమే గగనమైంది. రెండు నెలలకే కేంద్రం ఆ ప్రభుత్వాన్ని బర్తరఫ్ చేసి, అప్పటికి రక్షణ శాఖ కార్యదర్శిగా ఉన్న ఇస్కందర్ మీర్జాను గవర్నరుగా పంపింది. 1947 నుంచి 1958 దాకా ఏడుగురు ప్రధానులు మారారు. 1958 సెప్టెంబరులో ఢాకా శాసనసభలో సభ్యుల దాడికి గాయపడిన డిప్యూటీ స్పీకర్ షాహెద్ అలీ ఆసుపత్రిలో మరణించారు. 1959 మొదట్లో జరగాల్సిన తొలి సార్వత్రిక ఎన్నికలకు కొన్ని నెలలే మిగిలి ఉండగా అక్టోబరు 7 వచ్చింది. వయోజన ఓటుతో దేశవ్యాప్త ఎన్నిక చూడటానికి పాకిస్తాన్ ప్రజలు 1970 డిసెంబరు దాకా ఆగాల్సి వచ్చింది.

పొరుగు పరీక్షలో ఈ వివరణ ఎంత బాగా నిలుస్తుందో తెలుగు పాఠకుడికి సొంత చరిత్ర నుంచే తెలుస్తుంది. 1952 ఫిబ్రవరి 21న ఢాకాలో బెంగాలీ భాష కోసం ఊరేగిన విద్యార్థులపై పోలీసులు కాల్పులు జరిపారు. అదే ఏడాది డిసెంబరు 15న మద్రాసులో పొట్టి శ్రీరాములు నిరాహార దీక్షలో ప్రాణాలు వదిలారు. రెండు చోట్లా రక్తం మరిగింది, రైళ్లు ఆగాయి, కేంద్రం తటపటాయించింది. కాంగ్రెస్ 1918 నాటికే ఆంధ్రకు ప్రత్యేక రాష్ట్ర శాఖను గుర్తించిన పార్టీ కనుక, ఎంత ఇష్టం లేకపోయినా ఆ డిమాండును మోసుకెళ్లే మనుషులు దాని లోపలే ఉన్నారు. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడింది. పాకిస్తాన్ అందుకు సరిగ్గా ఎదురు దారి పట్టి, 1955లో పశ్చిమాన ఉన్న రాష్ట్రాలన్నిటినీ కలిపి ‘ఒకే యూనిట్’గా చేసింది. ఇక్కడ ఒక భాషా ఉద్యమాన్ని పార్టీ జీర్ణం చేసుకుంది, అక్కడ జీర్ణం చేసుకునే పార్టీ లేక పోలీసు, గవర్నరు, చివరికి సైన్యం దిగాల్సి వచ్చింది.

హైదరాబాద్ కథ ఇంకా సూటిగా ఉంటుంది. అయూబ్ ఖాన్, జయంతనాథ్ చౌధురి ఇద్దరూ 1928లో ఇంగ్లండులోని శాండ్‌హర్స్ట్ సైనిక కళాశాల నుంచి అధికారులుగా వెలువడినవారు. 1948 సెప్టెంబరు పోలీసు చర్య తర్వాత మేజర్ జనరల్ చౌధురి హైదరాబాద్ మిలిటరీ గవర్నర్ అయ్యారు. ఏడాదికి పైగా ఒక పెద్ద సంస్థానం ఆయన చేతిలో ఉంది, అదీ తెలంగాణ సాయుధ పోరాటం నడుస్తున్న సమయంలో. 1949 ముగిసేసరికి ఆయన బాధ్యత ముగిసింది, 1950 జనవరిలో ఎం.కె. వెల్లోడి పౌర పాలనకు నాయకత్వం వహించారు, 1952లో ఎన్నికల ద్వారా బూర్గుల రామకృష్ణారావు ముఖ్యమంత్రి అయ్యారు. చౌధురి బ్యారక్‌కు తిరిగి వెళ్లారంటే అందులో ఆయన స్వభావం పాత్ర ఎంతో చెప్పలేం గానీ, తిరిగి రమ్మని ఆదేశించగలిగిన ప్రభుత్వమూ, ఆయన ఖాళీ చేసిన చోట నిలబెట్టడానికి తగిన పార్టీ మనుషులూ ఉండటం మాత్రం కళ్లకు కనిపించే నిజం. పోలీసు చర్య తాలూకు హింసను, ఆ మిలిటరీ పాలన కాలపు దమనాన్ని ఇది కప్పిపుచ్చదు. ఇక్కడ ప్రశ్న సైన్యం వెనక్కి వెళ్లిందా లేదా అన్నదే.

అయినా ఈ వివరణను కళ్లు మూసుకుని నమ్మకూడదు. ఘనాలో అధ్యక్షుడు క్వామే ఎన్‌క్రుమా పార్టీకి ఎదురే లేదు. 1964లో దేశాన్ని ఏకపార్టీ రాజ్యంగా ప్రకటించారు. 1966 ఫిబ్రవరి 24న ఆయన విదేశీ పర్యటనలో ఉండగా సైన్యం, పోలీసులు కలిసి కూలదోశారు. బంగ్లాదేశ్‌లో అవామీ లీగ్ 1973 ఎన్నికల్లో దాదాపు అన్ని సీట్లూ గెలిచిన పార్టీ. 1975 ఆగస్టు 15న దాని నేత, దేశాధ్యక్షుడు ముజీబ్‌ను కుటుంబ సభ్యులతో సహా హతమార్చారు. కాబట్టి పార్టీకి సీట్లు ఉండటం వేరు, ఓడిపోయి మళ్లీ గెలవగల పోటీ ఉండటం వేరు. ఈ వివరణను వాడేవారు పార్టీ ‘బలం’ అన్నప్పుడు ఆ రెండో అర్థాన్నే తీసుకోవాలి.

వివరణ 3: భారత్ భయం

విభజనలో పాకిస్తాన్‌కు ఆర్థిక ఆస్తుల్లో దక్కింది 17.5 శాతం, సైన్యంలో వచ్చిన వాటా సుమారు 36 శాతం. ఆదాయానికి మించిన సైన్యంతో మొదలైన దేశమది. రెండు నెలలకే కశ్మీర్ యుద్ధం వచ్చి, 1949 జనవరి 1 దాకా సాగింది. మొదటి దశాబ్దంలో కేంద్ర ప్రభుత్వ వ్యయంలో సగానికి పైగా రక్షణకే పోయింది. బడుల కంటే, ఆసుపత్రుల కంటే, ఎన్నికల యంత్రాంగం కంటే ముందు ఫిరంగులు కొనాల్సి వచ్చిన రాజ్యంలో ఏ సంస్థ పెరుగుతుందో ఊహించవచ్చు.

దీన్ని ఎంచుకునేవారికి నా హెచ్చరిక ఒక్కటే. ఇది బడ్జెట్‌ను వివరిస్తుంది, కుర్చీని వివరించదు. భారత్ అవే యుద్ధాలు చేసింది, 1962లో చైనా చేతిలో ఘోరంగా ఓడింది కూడా; జనరళ్లు ఢిల్లీలో అధికారం అడగలేదు. పైగా పాకిస్తాన్‌లో యుద్ధంలో ఓడినప్పుడు సైన్యం పట్టు సడలిన సందర్భమే స్పష్టంగా కనిపిస్తుంది: 1971 తర్వాతే కదా యాహ్యా ఖాన్ అధికారాన్ని పౌర నేత జుల్ఫికర్ అలీ భుట్టోకు వదులుకున్నది.

వివరణ 4: అమెరికా సాయం

కాలం పరీక్షలో దీనికి మంచి మార్కులు పడతాయి. 1954 మేలో రక్షణ సాయ ఒప్పందం, అదే ఏడాది సెప్టెంబరులో ఆగ్నేయాసియా రక్షణ కూటమి సీటో, 1955లో మధ్యప్రాచ్య రక్షణ కూటమి బాగ్దాద్ ఒప్పందం, మూడేళ్లకు తిరుగుబాటు. ఒప్పందాల సంప్రదింపుల్లో అయూబ్ నేరుగా వాషింగ్టన్‌తో మాట్లాడేవారు; విదేశాంగ విధానంలో ఒక భాగం అలా సైనిక కార్యాలయానికి చేరిపోయింది. జియా కాలంలో అఫ్గాన్ యుద్ధం, ముషారఫ్ కాలంలో 2001 తర్వాతి యుద్ధం అదే బాటను వెడల్పు చేశాయి.

అయితే బర్మా ఏ కూటమిలోనూ చేరలేదు. అక్కడా అదే 1958 అక్టోబరులో జనరల్ నె విన్ ‘తాత్కాలిక’ ప్రభుత్వం ఏర్పాటు చేసి, 1960 ఎన్నికల తర్వాత పౌర నేత ఊ నూకు అధికారం తిరిగి ఇచ్చి, 1962 మార్చి 2న మళ్లీ లాక్కున్నారు. అమెరికా కూటమి లేకుండానే అంతా జరిగింది. కనుక అమెరికా సాయం మంటకు గాలి విసిరిందనడం సబబు. నిప్పు పెట్టిందనడం అతిశయోక్తి. బయటి శక్తిని తిట్టడం తేలిక కనుక ఈ వివరణకు దక్కాల్సిన దానికంటే ఎక్కువ ప్రచారం దక్కిందని నా అభిప్రాయం.

వివరణ 5: సైన్యం సొంత ప్రయోజనాలు

టోగోలో 1963 జనవరి 13న అధ్యక్షుడు సిల్వానస్ ఒలింపియోను చంపినవారు ఫ్రెంచి వలస సైన్యం నుంచి విడుదలై ఇంటికొచ్చిన మాజీ సైనికులు. కొత్త జాతీయ సైన్యంలో తమను చేర్చుకోలేదన్నది వారి కోపం. సిద్ధాంతం లేదు, దేశ రక్షణ లేదు, కేవలం కొలువు. సైన్యం కూడా తన జీతభత్యాలు, పదోన్నతులు, గౌరవం చూసుకునే ఒక సంస్థే అనడానికి ఇంతకంటే చిన్న, స్పష్టమైన ఉదాహరణ లేదు.

పాకిస్తాన్‌లో ఈ ప్రయోజనం ఊహించలేనంత విస్తరించింది. రెండో ప్రపంచ యుద్ధ సైనికుల పునరావాసానికి ఉంచిన నిధితో 1954లో ఫౌజీ ఫౌండేషన్ మొదలైంది. ఎరువులు, సిమెంటు, పొద్దున పాలలో వేసుకునే కార్న్‌ఫ్లేక్స్ దాకా దాని పేరు మీద వచ్చాయి. 1971లో ఆర్మీ వెల్ఫేర్ ట్రస్టు తోడైంది. కరాచీ, లాహోర్ నగరాల్లో డిఫెన్స్ హౌసింగ్ అథారిటీ కాలనీలు చాలా ఖరీదైన నివాసాలు. కాలువ కాలనీల్లో సిపాయికి భూమి ఇచ్చిన పాత పద్ధతి ఇప్పుడు అధికారికి ప్లాటు ఇచ్చే పద్ధతిగా మారింది, అంతే.

ఈ వివరణను చాలామంది తప్పు చోట వాడతారు. 1958లో సైన్యానికి ఇంత వ్యాపార సామ్రాజ్యం లేదు. ఫౌజీ ఫౌండేషన్‌కు అప్పటికి నాలుగేళ్లు. వ్యాపారం అధికారానికి ఫలితం. కానీ ఒకసారి ఏర్పడ్డాక అదే తిరుగు ప్రయాణానికి అడ్డుగోడ అవుతుంది. నేరుగా పాలించకపోయినా, బడ్జెట్టూ, నియామకాలూ, భారత్‌తో సంబంధాలూ తన చేతి నుంచి జారకుండా చూసుకోవాల్సిన అవసరం సైన్యానికి ఏర్పడుతుంది. జియా 1985లో రాజ్యాంగంలో చేర్పించిన 58(2)(బి) అధికరణంతో (జాతీయ సభను రద్దు చేసే అధికారాన్ని అధ్యక్షుడికి ఇచ్చేది) 1988, 1990, 1993, 1996లలో నాలుగు ప్రభుత్వాలు పడిపోయాయి. 1997లో నవాజ్ షరీఫ్ ఆ అధికరణాన్ని తీసేశారు. రెండేళ్లకు ముషారఫ్ వచ్చారు.

ఒక్క చూపులో

| వివరణ | 1958నే ఎందుకు? | భారత్‌తో తేడా చెబుతుందా? | రావడమా, ఉండిపోవడమా? | బయటి దేశాల్లో |
|---|---|---|---|---|
| వలస వారసత్వం | చెప్పదు | బెంగాల్-పంజాబ్ అసమానత కలిపితే చెబుతుంది | రావడానికి నేపథ్యం | నైజీరియా వంటి చోట్ల సరిపోతుంది, బర్మాలో కష్టం |
| పార్టీ బలహీనత | బాగా చెబుతుంది | చాలా బాగా | రావడం | ఘనా, బంగ్లాదేశ్ ఇబ్బంది పెడతాయి |
| భారత్ భయం | పాక్షికంగా | చెప్పదు | సైన్యం పెరగడం | పరిమితం |
| అమెరికా సాయం | బాగా చెబుతుంది | పాక్షికంగా | రెండింటికీ ఊతం | బర్మాలో చెల్లదు |
| సొంత ప్రయోజనాలు | చెప్పదు | పాక్షికంగా | ఉండిపోవడం | టోగో, బర్మా, ఇండోనేసియాలో బలంగా |

బర్మా గడిలో ‘కష్టం’ అని ఎందుకు రాశానంటే, అక్కడి సైన్యం బ్రిటిష్ సైన్యానికి నేరు వారసురాలు కాదు. జపాన్ శిక్షణ పొందిన ‘ముప్పై మంది సహచరులు’ 1941లో కట్టిన స్వాతంత్ర్య సైన్యం దాని మూలం. అది దేశాన్ని తానే పుట్టించానని భావించింది. 1949లో కరెన్ తెగవారి తిరుగుబాటు రంగూన్ నగర శివార్ల దాకా వచ్చినప్పుడు తానే నిలబెట్టానని కూడా భావించింది. ఇండోనేసియా సైన్యానిదీ దాదాపు ఇదే ధోరణి, డచ్చి వారితో 1945 నుంచి 1949 దాకా చేసిన గెరిల్లా యుద్ధమే దాని పుట్టుక. ఇలాంటి సైన్యాలు రాజకీయాల్లోకి ‘రావడం’ అనే మాటే పొసగదు, అవి మొదటి నుంచీ అందులో ఉన్నాయి.

ఎవరు ఏది ఎంచుకోవాలి

పరీక్ష రాసేవారు, అందులోనూ పదిహేను నిమిషాల్లో జవాబు ముగించాల్సినవారు, రెండో వివరణను వెన్నెముకగా పెట్టుకుని, మొదటిదాన్ని నేపథ్యంగా ఒక పేరా, అయిదోదాన్ని చివర ఒక పేరాగా రాస్తే చాలు. తేదీల్లో 1954 అక్టోబరు, 1958 అక్టోబరు తప్పకుండా ఉండాలి; ముందుది లేకుండా రెండోది రాస్తే సైన్యం ఆకాశం నుంచి ఊడిపడినట్టు కనిపిస్తుంది. భారత్‌తో పోలిక అడిగితే, 1946 తాత్కాలిక ప్రభుత్వంలోనే సైన్యాధ్యక్షుడు మంత్రిమండలి స్థానాన్ని కోల్పోయి రక్షణ శాఖ బల్దేవ్ సింగ్‌కు వెళ్లడం, ఢిల్లీలో సైన్యాధ్యక్షుడు ఉండే భవంతి 1948లో తీన్‌మూర్తి భవన్‌గా నెహ్రూ నివాసం కావడం, 1955లో మూడు దళాల అధిపతులకు ఉన్న ‘కమాండర్-ఇన్-చీఫ్’ అన్న హోదానే ఎత్తేసి వారిని ‘చీఫ్ ఆఫ్ స్టాఫ్’లుగా మార్చడం వంటి చిన్న విషయాలు పెద్ద సిద్ధాంతాల కంటే బాగా పని చేస్తాయి. అయితే దీనికి చెల్లించిన మూల్యాన్నీ చెప్పడం నిజాయితీ: జనరళ్లను నిర్ణయాలకు అంత దూరంగా ఉంచడం 1962 అపజయానికి ఒక కారణమని వాదించేవారిని తేలిగ్గా తోసిపుచ్చలేం.

పరిశోధన చేయదలచిన విద్యార్థికి నా సలహా దీనికి వ్యతిరేకం. రెండో వివరణపై ఇప్పటికే ఎంతో రాశారు. మొదటిదీ అయిదోదీ కలిసే చోట, అంటే కాలువ కాలనీ భూమి నుంచి నేటి రక్షణ కాలనీ ప్లాటు దాకా ఉన్న దారిలో, చేయాల్సిన పని చాలా ఉంది. జిల్లా గెజిటీర్లు, భూమి రికార్డులు చదివే ఓపిక కావాలి. పాకిస్తాన్ పంజాబ్‌లోని ఒకారా సైనిక వ్యవసాయ క్షేత్రాల్లో కౌలు రైతులు 2000లో మొదలుపెట్టిన పోరాటం దానికి మంచి ప్రవేశద్వారం.

తరగతిలో చెప్పే అధ్యాపకులకు 1953 లాహోర్ ఒక్కటి చాలు. అహ్మదీ మతశాఖకు వ్యతిరేకంగా రేగిన అల్లర్లను పోలీసులు, రాష్ట్ర ప్రభుత్వం అదుపు చేయలేక చేతులెత్తేస్తే, మార్చి 6న నగరంలో మార్షల్ లా వచ్చింది. జనరల్ ఆజం ఖాన్ సిపాయిలు అల్లర్లను అణచడంతో ఆగలేదు. రెండు నెలలకు పైగా ఉండి వీధులు ఊడ్పించారు, గోడలకు సున్నం వేయించారు. జనం మెచ్చుకున్నారు. అయిదేళ్ల తర్వాత దేశమంతా మార్షల్ లా వచ్చినప్పుడు మొదట్లో పెద్దగా ప్రతిఘటన ఎందుకు లేదని విద్యార్థి అడిగితే, ఆ సున్నం వేసిన గోడల దగ్గరికి తీసుకెళ్లవచ్చు. పౌర ప్రభుత్వం చేయలేని పని సైన్యం ఒకసారి చేసి చూపిస్తే, మరుసటిసారి ఆ పనిని అడగకుండానే అందుకుంటుంది.

బర్మా నుంచి వచ్చిన కుటుంబాల వారసులు మన తీరంలో ఎందరో ఉన్నారు. విశాఖపట్నంలో బర్మా క్యాంపు పేరు వారి వల్లే వచ్చింది. రంగూన్ రేవుల్లో, బియ్యపు మిల్లుల్లో పని చేసిన తెలుగువారిలో మిగిలిన చాలామందిని 1962 తర్వాతి జాతీయకరణలు వెనక్కి పంపాయి. తమ తాతల కథను అర్థం చేసుకోవాలనుకునేవారు పాకిస్తాన్ వివరణలను అరువు తెచ్చుకోకుండా, పైన చెప్పిన ‘దేశాన్ని తానే పుట్టించానన్న సైన్యం’ కోణాన్నీ అయిదో వివరణనూ జోడించి చదవడం మేలు.

ఇక నేటి వార్తలు చదివేవారికి మొదటి నాలుగు వివరణలూ అంతగా ఉపయోగపడవు. అయూబ్ తర్వాత పాకిస్తాన్‌లో రెండో ఫీల్డ్ మార్షల్‌గా 2025 మేలో సైన్యాధిపతి అసీం మునీర్ నియమితులయ్యారు, దేశంలో అప్పుడు ఎన్నికైన ప్రధానీ పార్లమెంటూ ఉన్నాయి. ఆ నియామకం గురించి చదువుతున్నప్పుడు గద్దె మీద ఎవరున్నారని కాకుండా, రక్షణ బడ్జెట్‌పై పార్లమెంటులో ఎంత చర్చ జరిగింది, సైన్యాధిపతి పదవీకాలాన్ని ఎవరు పొడిగించారు, పౌరులను సైనిక కోర్టుల్లో విచారించడానికి అనుమతి ఉందా అన్న మూడు విషయాలు వెతకండి.